బయోస్‌లో ఆ ఒక్కటీ ఆన్ చేస్తే విండోస్ పోతుందా?

వ్యాఖ్యాత: హలో, చెప్పండి, మీ సమస్య ఏంటి?

శ్రోత: నమస్కారమండి. విండోస్ లోపలే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్‌ని నడిపే వర్చువల్‌బాక్స్ ఉంది కదా, అందులో లినక్స్ వేద్దామని కూర్చున్నాను. నాది 64 బిట్ కంప్యూటరే, అయినా అందులో 32 బిట్ సిస్టమ్‌ల పేర్లే కనిపిస్తున్నాయి. బయోస్‌లో, అదే కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల్లో, ఏదో ఆన్ చేయాలట. ఉన్న విండోస్ కాస్తా పోతుందేమోనని టెన్షన్.

నిపుణుడు: ఏమీ పోదండి. టాస్క్ మేనేజర్ తెరిచి, పర్ఫార్మెన్స్‌లో సీపీయూ నొక్కండి. కింద వర్చువలైజేషన్ అని ఉంటుంది. ఎదురుగా ఏముంది?

శ్రోత: ఒక్క నిమిషం... డిసేబుల్డ్ అని ఉందండి.

నిపుణుడు: అదీ సంగతి. సదుపాయం ప్రాసెసర్‌లో ఉంది, ఆపి పెట్టారంతే.

శ్రోత: అసలు అదేం చేస్తుంది? ఉన్న ప్రాసెసర్ రెండుగా చీలుతుందా?

నిపుణుడు: చీలదు. ఏ ఆపరేటింగ్ సిస్టమైనా యంత్రమంతా తనదే అనుకుంటుంది. మీ లినక్స్ కూడా అంతే, లోపల కిరాయికి దిగినా ఇంటి ఓనర్లాగే ప్రవర్తిస్తుంది. కూడికలు, తీసివేతల్లాంటి మామూలు ఆదేశాలతో గొడవ లేదు, అవి నేరుగా ప్రాసెసర్ మీదే నడుస్తాయి. మెమరీ పట్టికలు మార్చడం, యంత్రాన్ని ఆపేయడం లాంటివి వచ్చినప్పుడే చిక్కు. పాత ప్రాసెసర్లలో ఇలాంటి ఆదేశాలు కొన్ని అడ్డు లేకుండా జారిపోయేవి. అందుకే 1999లో వీఎంవేర్ అనే కంపెనీ వాళ్లు ఆ ఆదేశాలను నడిచేముందే పట్టుకుని, సాఫ్ట్‌వేర్‌తో తిరగరాసేవారు. గొప్ప పనితనమే గానీ, చాకిరీ ఎక్కువ. ప్రాసెసర్లు చేసే ఇంటెల్ 2005లో వీటీ-ఎక్స్, ఏఎండీ 2006లో ఏఎండీ-వీ పేరుతో ఈ సదుపాయం తెచ్చాక ప్రాసెసరే కాపలా కాస్తోంది. లినక్స్ హద్దు దాటబోతే దాన్ని అక్కడే ఆపి, పగ్గాలు వర్చువల్‌బాక్స్ చేతికి ఇస్తుంది.

శ్రోత: ఓహో! మరి ప్రాసెసర్‌లోని నాలుగు కోర్లూ లినక్స్‌కే ఇచ్చేయొచ్చా?

నిపుణుడు: రెండు చాలు. కోర్లను విండోస్, లినక్స్ వంతులవారీగా వాడుకుంటాయి. ర్యామ్ అలా కాదు, నడుస్తున్నంతసేపూ ఇచ్చింది ఇచ్చినట్టే. మీకెంతుంది?

శ్రోత: 8 జీబీ.

నిపుణుడు: 3 ఇవ్వండి, మహా అయితే 4. ఇక బయోస్ అంటారా, రీస్టార్ట్ అవుతుండగా ఎఫ్2 గానీ డిలీట్ గానీ నొక్కండి. ఇంటెల్ అయితే వర్చువలైజేషన్ టెక్నాలజీ అని ఉంటుంది. ఏఎండీ అయితే ఎస్‌వీఎం మోడ్ అని, ఆ పేరు చూసి ఎవరూ పోల్చుకోలేరు! ఎనేబుల్ చేసి సేవ్ చేయండి. డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే మాత్రం రికవరీ కీ ముందే రాసి పెట్టుకోండి. బయోస్ మార్చాక అడిగే అవకాశం ఉంది.

శ్రోత: ఆన్ చేశాక కూడా నెమ్మదిగా ఉంటే?

నిపుణుడు: వర్చువల్‌బాక్స్ కిటికీ కింద తాబేలు బొమ్మ ఉందేమో చూడండి. ఉంటే, విండోస్‌లోనే వర్చువల్‌బాక్స్ లాంటి పని చేసే హైపర్-వీ ఈ సదుపాయాన్ని ముందే పట్టుకుని కూర్చుందని అర్థం. మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణ వల్ల కూడా అది నడుస్తుంటుంది.

శ్రోత: ఆ రక్షణని తీసేయమంటారా?

నిపుణుడు: నేనైతే తీయను. రక్షణ పోగొట్టుకునే బదులు ఆ హైపర్-వీ మీదే లినక్స్ నడిపే విండోస్ సదుపాయం డబ్ల్యూఎస్ఎల్ 2 వాడతాను.

వ్యాఖ్యాత: సరేనండీ, ముందు బయోస్ సంగతి చూడండి. తర్వాతి కాల్ తీసుకుందాం.