పక్కన కూర్చున్నవారి పేరు

సభకు నమస్కారం. పెద్దలను పేరుపేరునా పలకరించడం మర్యాదే. కానీ వెనక పిల్లలు ఇప్పటికే శ్రుతి చేసుకుని కూర్చున్నారు, అందుకని నేరుగా విషయానికొస్తాను.

ఈరోజు మనం జయంతి చేసుకుంటున్న వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1893లో బెంగళూరులో పుట్టి, విశాఖపట్నంలో పెరిగారు. చిన్ననాటి నుంచీ చూపు మందం. 1919లో విజయనగరం సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరుదామని వెళితే, ఆయన వాయిద్యం విని అధ్యాపకుడిగానే తీసుకున్నారని చెప్పుకుంటారు. 1936లో ఆదిభట్ల నారాయణదాసు గారి తర్వాత అదే కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. 1941లో సంగీత కళానిధి బిరుదు, 1957లో పద్మశ్రీ. ఎందరో గాయకులకు పక్కవాద్యం వాయించిన ఆ మనిషే వయొలిన్‌ను వేదిక మధ్యకు తెచ్చి, సోలో కచేరీతో జనాన్ని కదలకుండా కూర్చోబెట్టారు.

ఇంకా చాలా రాసుకొచ్చాను గానీ, ఒక బాధ చెప్పకుండా ముందుకు పోలేను. పోయినేడు మన కడపలోనే ఒక కచేరీకి కరపత్రం వేశారు. గాయకురాలి ఫోటో ఉంది, దాతల ఫోటోలున్నాయి, టెంటు ఇచ్చినాయన పేరు కూడా ఉంది. వయొలిన్ వాయించిన అబ్బాయి పేరు లేదు. మృదంగం వాయించినాయన పేరూ లేదు. "పక్కవాద్య సహకారంతో" అని ఒక్క ముక్క. అంతే!

ఆ అబ్బాయి చేసిందేమిటో చూశారా? గాయకురాలు ఆలాపనలో ఏ మలుపు తిరుగుతుందో ముందుగా తెలియదు. ఆమె గొంతు వెంటే కమాను నడవాలి, ఆమె ఊపిరి తీసుకునే చోట రాగం తెగిపోకుండా తీగ మీద నిలపాలి. తన వంతు వచ్చినప్పుడు అదే రాగాన్ని తన దారిలో చెప్పి, మళ్లీ ఆమెకు అప్పగించాలి. పల్లవి తాళం ఎంత చిక్కుగా ఉన్నా అక్కడికక్కడే పట్టుకోవాలి. ఇదంతా చేసినవాడికి పేరు లేదా?

అయ్యా, కచేరీలు పెట్టేవాళ్లు చాలామంది ఇక్కడే ఉన్నారు. మిమ్మల్నే అడుగుతున్నా. డబ్బు మీకు తోచినంత ఇవ్వండి, దాని గురించి ఈరోజు మాట్లాడను. పేరు మాత్రం వేయండి. గాయకుడి పేరు ఎంత పెద్ద అక్షరాల్లో వేస్తే, పక్కవాద్యం వాళ్లదీ అంతే పెద్ద అక్షరాల్లో వేయండి. ద్వారం వారి జయంతి చేసే ఊళ్లో ఇది అడిగి చేయించుకోవాల్సిన పని కాదు.

నా ప్రసంగం ఇక్కడితో ఆపేస్తున్నా. ఇప్పుడు వాయించే పిల్లల పేర్లు, వాళ్లకు నేర్పిన గురువుల పేర్లు ఒక్కొక్కటే చదువుతాను. పేరు వినగానే లేచి నిలబడండి నాయనా, అందరూ మిమ్మల్ని చూడాలి.