సొంత ఊరి యాసలో పాడి ఇంగ్లండ్‌ని ఊపేసిన నలుగురు కుర్రాళ్లు

నమస్కారమండీ, ఎలా ఉన్నారు? ఇవాళ మిమ్మల్ని ఇంగ్లండ్ తీసుకెళ్తాను, లండన్‌కి మాత్రం కాదు, అక్కణ్ణుంచి ఇంకా పైకి, షెఫీల్డ్‌కి. ఉక్కుకీ, కత్తులకీ, స్పూన్లకీ ఒకప్పుడు ప్రపంచమంతా పేరున్న ఊరది. దాని శివార్లలో హై గ్రీన్ అని ఒక పేట ఉంది, అక్కడ అలెక్స్ టర్నర్, జేమీ కుక్ అని పక్కపక్క ఇళ్ల కుర్రాళ్లిద్దరు. 2001 క్రిస్మస్‌కి ఇద్దరికీ ఇళ్లల్లో గిటార్లు కొనిపెట్టారు. ఇంకో ఫ్రెండ్ ఆండీ నికల్సన్ బేస్ గిటార్ పట్టుకున్నాడు, మ్యాట్ హెల్డర్స్ అనే నాలుగోవాడు వచ్చేసరికి ఇంక మిగిలింది డ్రమ్సే, సర్లే అని అవే వాయించడం మొదలుపెట్టాడు. మన గల్లీ క్రికెట్‌లో చివర్న వచ్చినవాడికి కీపింగ్ ఇస్తారు చూడండి, అచ్చం అలాగే. బ్యాండ్ పేరు ఆర్కటిక్ మంకీస్, అంటే ధ్రువప్రాంతపు కోతులన్నమాట, ఆ వయసులో పెట్టుకునే పేర్లు అలాగే ఉంటాయి మరి.

2003 జూన్‌లో ఊళ్లోనే ద గ్రేప్స్ అనే పబ్‌లో మొదటిసారి జనం ముందు వాయించారు. అప్పటికి టర్నర్‌కి 17 ఏళ్లు. తర్వాత బోర్డ్‌వాక్ అనే ఇంకో చోట, పాటల ప్రోగ్రాములు జరిగే చోటే, బార్ కౌంటర్ వెనకాల గ్లాసులు నింపే పని కూడా చేశాడు. తాగొచ్చి గొడవపడేవాళ్లనీ, అలిగి వెళ్లిపోయే జంటల్నీ, గేటు దగ్గర బౌన్సర్లతో వాదించేవాళ్లనీ రోజూ చూస్తూ ఉండేవాడు, ఇవాళ నేను చెప్పబోయే వీళ్ల మొదటి ఆల్బమ్ మొత్తం ఆ మనుషులే కనిపిస్తారు.

వీళ్ల గురించి ఎవరు మాట్లాడినా ఇంటర్నెట్ వల్ల పైకొచ్చారు, మైస్పేస్ వల్ల, అంటే అప్పట్లో ఫేస్‌బుక్ లాంటి సైట్ వల్ల, స్టార్లయ్యారు అనే అంటారు. సగం నిజమే, కానీ అసలు జరిగింది ఇంకాస్త సరదాగా ఉంటుంది. వీళ్లు పాటల్ని ఖాళీ సీడీల మీద కాపీ చేసుకుని, ప్రోగ్రాం అయ్యాక వచ్చినవాళ్లకి ఊరికే పంచిపెట్టేవాళ్లు. అవి తీసుకెళ్లినవాళ్లు కంప్యూటర్‌లోకి ఎక్కించి ఫ్రెండ్స్‌కి పంపారు, ఆ ఫ్రెండ్స్ వాళ్ల ఫ్రెండ్స్‌కి పంపారు, మైస్పేస్‌లో పేజీ పెట్టింది కూడా అభిమానులే, మైస్పేస్ అంటే ఏంటో కూడా మాకు తెలీదని బ్యాండ్ వాళ్లే చెప్పారు. కొన్నాళ్లకి ఏమైందంటే వీళ్లు ఎప్పుడూ వెళ్లని ఊళ్లో స్టేజీ ఎక్కినా, ఇంకా షాపులోకే రాని పాటని ముందు వరసలో కుర్రాళ్లు పల్లవి నుంచి చివరిదాకా వీళ్లతోపాటు పాడేస్తున్నారు!

2005 జూన్‌లో డొమినో అనే చిన్న ఇండిపెండెంట్ మ్యూజిక్ కంపెనీతో సంతకం చేశారు. పెద్ద కంపెనీలు వెంటపడుతున్నా ఇటే వచ్చారు. అక్టోబర్‌లో మొదటి సింగిల్, అంటే ఆల్బమ్ కాకుండా విడిగా అమ్మే పాట, వచ్చింది, డ్యాన్స్ ఫ్లోర్ మీద ఉన్న అమ్మాయి గురించి, వచ్చీ రాగానే నంబర్ వన్. దాని వీడియోలో పాట మొదలయ్యే ముందు టర్నర్ కెమెరా వైపు చూసి, ఈ హడావిడి ఏం నమ్మకండి అన్నట్టు ఒక మాట అంటాడు. జనం అదొక్కటే వినలేదు పాపం.

ఆల్బమ్‌ని 2005 సెప్టెంబర్‌లో లింకన్‌షైర్‌లోని చాపెల్ స్టూడియోస్‌లో రికార్డ్ చేశారు, ప్రొడ్యూసర్ జిమ్ ఆబిస్. 2006 జనవరి 23న షాపుల్లోకొచ్చింది. మొదటి రోజే 1,18,501 కాపీలు అమ్ముడుపోయాయి, టాప్ 20లో మిగతా ఆల్బమ్‌లన్నీ కలిపినా అన్ని లేవు. వారం తిరిగేసరికి 3,63,735. బ్రిటన్‌లో ఒక బ్యాండ్ మొదటి ఆల్బమ్ అంత వేగంగా అమ్ముడవడం అంతకుముందెప్పుడూ లేదు. పాటలు చాలామంది దగ్గర అప్పటికే ఫ్రీగా ఉన్నాయి, అయినా కొన్నారు! పైరసీ వల్ల మ్యూజిక్ కంపెనీలు మూతపడిపోతున్నాయని అందరూ తలపట్టుకున్న రోజులవి.

ఇక పేరు. వాటెవర్ పీపుల్ సే ఐ యామ్, దట్స్ వాట్ ఐయామ్ నాట్. నన్ను జనం ఏమంటారో అది నేను కాదు, అని. పక్కనే నాటింగ్‌హామ్‌లో సైకిల్ ఫ్యాక్టరీ కార్మికుడి మీద అలన్ సిలిటో రాసిన నవల ఒకటుంది, ఆ కార్మికుడి మాటే ఇది. ఆల్బమ్ అట్ట మీద వీళ్ల నలుగురి ఫోటో ఉండదు, రాత్రంతా తాగి తెల్లవారుజామున సిగరెట్ కాలుస్తున్న వీళ్ల ఫ్రెండ్ ఒకతను ఉంటాడు. స్కాట్లాండ్ ఆరోగ్య శాఖ వాళ్లు దీన్ని చూసి, సిగరెట్ తాగడం మామూలే అన్నట్టుంది అని గొడవపెట్టారు. దానికి బ్యాండ్ తరఫు వాళ్ల జవాబు ఏంటంటే, సిగరెట్ అతనికేమీ మేలు చేస్తున్నట్టు లేదు, ఫోటోలోనే కనిపిస్తోందిగా అని!

సరే, నాకు ఈ ఆల్బమ్ ఎందుకంత ఇష్టమో చెప్తాను. మొదటిసారి ఒక ఫ్రెండ్ పెన్‌డ్రైవ్‌లో ఇస్తే విన్నాను, నిజం చెప్పాలంటే ఒక్క ముక్క అర్థం కాలేదు, ఇది ఇంగ్లీషేనా అనిపించింది. తర్వాత తెలిసింది అది షెఫీల్డ్ యాస అని. అప్పటిదాకా బ్రిటన్‌లో రాక్ పాడేవాళ్లలో చాలామంది మైకు ముందుకి రాగానే కొంచెం అమెరికన్లు అయిపోయేవాళ్లు, మన దగ్గర స్టేజీ ఎక్కగానే తెనాలి కుర్రాడికి కూడా హాయ్ గయ్స్ అని వచ్చేస్తుంది చూడండి, అలా. టర్నర్ దాని మీదే ఒక పాట రాశాడు, శాన్‌ఫ్రాన్సిస్కో గురించి గొప్పలు పాడే ఒక లోకల్ బ్యాండ్ మీద. మీది న్యూయార్క్ కాదురా బాబూ, పక్కనున్న రోథరమ్ అని గాలి తీసేస్తాడు. అంత మాట అన్నాక తను మాత్రం ఇంకో యాసలో ఎలా పాడతాడు? ఇంట్లో అమ్మతో, బస్‌స్టాప్‌లో ఫ్రెండ్స్‌తో ఎలా మాట్లాడతాడో అలాగే పాడాడు.

మార్డీ బమ్ అని ఇంకో పాట. మార్డీ అంటే ఏంటని డిక్షనరీల్లో వెతికాను అప్పట్లో, తీరా చూస్తే మన అలకే. మూతి ముడుచుకుని కూర్చున్న అమ్మాయిని బతిమాలుకోవడమే పాటంతా. లండన్ ఇంగ్లీషులో దీనికి ఇంత ముద్దైన మాట లేదనుకుంటా, మనకైతే అలక కోసం ఏకంగా ఒక పాన్పే ఉంది. దీన్ని బ్రిటన్‌లో సింగిల్‌గా రిలీజ్ కూడా చెయ్యలేదు, అయినా రేడియోల్లో తెగ వేశారు.

టాక్సీ పాట ఇంకోటి. ఎర్ర లైటు వెలిగితే తలుపులు లాక్ అయినట్టు అని అక్కడి టాక్సీల్లో రాసి ఉంటుంది, పాట పేరే అది, మన ఆటో వెనకాల రాతని తీసుకుని పాట పేరు పెట్టినట్టు. ఆరుగురు ఎక్కుతాం అంటారు వీళ్లు, కుదరదంటాడు డ్రైవరు, ఇంక అక్కణ్ణుంచి రచ్చ మొదలు. 13 పాటలు, మొత్తం 41 నిమిషాలు, దాదాపు అన్నీ ఇలా శని ఆదివారాల చుట్టూనే. ఒక్కటి మాత్రం వేరు, నీప్‌సెండ్ అని వీళ్లు ప్రాక్టీస్ చేసుకునే చోట చీకటిపడితే రోడ్డు మీద నిలబడే ఆడవాళ్ల గురించీ వాళ్ల కోసం కారు ఆపే మగవాళ్ల గురించీ, ఒంటరి గిటార్‌తో నెమ్మదిగా మొదలై ఒక్కసారిగా విరుచుకుపడుతుంది, అదీ నంబర్ వన్ అయింది.

ఆ ఏడాదే మెర్క్యురీ ప్రైజ్, అంటే అక్కడ ఏడాదిలో బెస్ట్ ఆల్బమ్‌కి ఇచ్చే బహుమతి, కూడా వచ్చింది. స్టేజీ మీద టర్నర్, ఎవరైనా 999కి ఫోన్ చెయ్యండి, రిచర్డ్ హాలీని దోచేశారు అన్నాడు. 999 అంటే వాళ్ల పోలీసు నంబర్, హాలీ అంటే అదే ప్రైజ్‌కి పోటీలో ఉన్న ఇంకో షెఫీల్డ్ గాయకుడు. గెలిచినా సరే ఊరివాడి పక్షమే చూడండి. అప్పటికే నికల్సన్ బ్యాండ్‌లోంచి వెళ్లిపోయాడు, అతని చోట నిక్ ఓమాలీ వచ్చాడు.

ఆల్బమ్‌లో చివరి పాట పేరు ఎ సర్టెన్ రొమాన్స్. ఊళ్లో పోరంబోకు కుర్రాళ్ల మీద కోపంగా మొదలవుతుంది, వాళ్ల బట్టలూ, వాళ్ల కొట్లాటలూ, ఏ అందమూ లేదిక్కడ అంటూ తిట్టుకుంటూ పోతాడు. సగం దాటాక గొంతు మారుతుంది, ఆ గుంపులోనే తన ఫ్రెండ్స్ కూడా ఉన్నారు కదా, హద్దు మీరినా సరే వాళ్ల మీద అంత కోపం రాదు అంటాడు. ఆ మాట అన్నాక ఇంక పాడడు. నిమిషం పైగా గిటారే. మా ఇంజినీరు గారు రెడీగా ఉన్నారు, ఆ పాటే వేస్తున్నాం, మాటలు తెలియకపోయినా పర్లేదు, ఆ చివరి నిమిషం వచ్చేదాకా మాత్రం స్టేషన్ మార్చకండి.