క్లాట్ రాసే పిల్లలకు, వాళ్ళ ఇంట్లో వాళ్ళకు

శ్రోతలకు నమస్కారం.

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం పది రోజులు విశాఖపట్నంలో లాయర్ల ఫోన్లకు తీరిక ఉండదు. గాజువాక నుంచో మధురవాడ నుంచో ఎవరో ఒక తండ్రి చేస్తాడు. "మా బాబు లా చదువుతానంటున్నాడండీ, ఏటి చెయ్యమంటారు?" అంటాడు. సంతోషమే. కానీ నేషనల్ లా యూనివర్సిటీల్లో సీటు కోసం రాయాల్సిన పరీక్ష ఆ ఏడాదికి అప్పటికే అయిపోయి ఉంటుంది. ఈ సంగతి చెప్పగానే అవతల కాసేపు మాట వినబడదు.

ఆ పరీక్ష పేరు క్లాట్, అంటే కామన్ లా అడ్మిషన్ టెస్ట్. 2008లో మొదలైంది. ఇప్పుడు ఆ లా యూనివర్సిటీలన్నీ కలిసి పెట్టుకున్న కన్సార్షియం దాన్ని నడుపుతోంది. కొన్నేళ్ళుగా డిసెంబరు మొదటి ఆదివారం మధ్యాహ్నం 2 నుంచి 4 దాకా జరుగుతోంది. అంటే మీ అబ్బాయో అమ్మాయో సెకండియర్ మధ్యలో ఉండగా, పబ్లిక్ పరీక్షలకు రెండు మూడు నెలల ముందే రాసెయ్యాలి. దరఖాస్తులు వేసవి దాటాక మొదలై అక్టోబరు, నవంబరు దాకా తీసుకుంటారు. అందుకని ఆలోచన ఫస్టియర్‌లోనే రావాలి. ఏ గ్రూపైనా ఫరవాలేదు. ఎంపీసీ వాళ్ళు, బైపీసీ వాళ్ళు, సీఈసీ వాళ్ళు అందరూ రాయొచ్చు. ఇంటర్‌లో 45 శాతం మార్కులుండాలి, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం చాలు. వయసుకు పైపరిమితి లేదు.

మనకు దగ్గర్లోనే ఒక నేషనల్ లా యూనివర్సిటీ ఉంది, సబ్బవరంలో. దామోదరం సంజీవయ్య పేరు పెట్టారు. 1960 నుంచి 62 దాకా ముఖ్యమంత్రిగా చేసిన ఆయన కర్నూలు ప్రాంతపు పేద దళిత కుటుంబంలో పుట్టి మద్రాసులో లా చదివారు. జిల్లాలు విడదీశాక సబ్బవరం అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది గానీ, యూనివర్సిటీ పేరు వెనక విశాఖపట్నం అలాగే ఉంది. అక్కడ మన రాష్ట్రం పిల్లలకు కొన్ని సీట్లు ప్రత్యేకంగా ఉంటాయి. కాబట్టి ర్యాంకు కాస్త వెనక ఉందని ముందే ఆశ వదులుకోకండి.

ఇక పరీక్ష ఎలా ఉంటుందో చూద్దాం. ప్రశ్నలు 120, సమయం 120 నిమిషాలు. వినడానికి నిమిషానికి ఒక ప్రశ్నే కదా అనిపిస్తుంది. అసలు చిక్కంతా ఆ ప్రశ్నలకు ముందు ఉంటుంది. విడిగా వచ్చే ప్రశ్నలు ఇందులో ఉండవు. ఒక పాసేజీ ఇస్తారు, సుమారు 450 మాటలు. దాని కింద నాలుగైదు ప్రశ్నలు. మళ్ళీ ఇంకో పాసేజీ. ఇంగ్లిషు, వర్తమాన వ్యవహారాలు, లీగల్ రీజనింగ్, లాజికల్ రీజనింగ్, చివర కొద్దిగా లెక్కలు. మొత్తం కలిపితే రెండు గంటల్లో దాదాపు పదివేల ఇంగ్లిషు మాటలు చదవాలి. చదవడమంటే కళ్ళతో చూసుకుంటూ పోవడం కాదు, అర్థం చేసుకుని జవాబు చెప్పాలి.

మన పిల్లలకు దెబ్బ పడేది ఇక్కడే. వాళ్ళకు తెలివి తక్కువై కాదు. ఆరో తరగతి నుంచి మనం వాళ్ళను బిట్లకు అలవాటు చేశాం. ప్రశ్న ఒక లైను, జవాబు ఒక అక్షరం. బిట్ బ్యాంకులో ఐదు వేల ప్రశ్నలు బట్టీ పట్టిన పిల్లవాడు ఒక పేజీ ఇంగ్లిషు కంటి ముందు పెట్టగానే మూడో పేరాకు వచ్చేసరికి మొదటి పేరా మర్చిపోతాడు. కార్పొరేట్ కాలేజీలో పొద్దున్న ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా కూర్చున్నవాడికి కూడా ఇంతే. కూర్చునే ఓపిక వేరు, చదివే ఓపిక వేరు. క్లాట్‌కు తయారవడం అంటే ఈ రెండో ఓపిక తెచ్చుకోవడమే అని నా అభిప్రాయం. మిగతావన్నీ దాని తర్వాతే.

ఎలా తెచ్చుకోవాలి? రోజూ ఒక ఇంగ్లిషు పత్రిక సంపాదకీయం చదవండి. ఒకటి చాలు. చదివాక పేపరు మూసేసి, తెల్ల కాగితం మీద మూడు వాక్యాలు రాయండి. రాసినాయన ఏమంటున్నాడు, ఎందుకంటున్నాడు, ఎవరి మాటను కాదంటున్నాడు. ఈ మూడూ తెలుగులో రాసినా ఫరవాలేదు, రాయడం ముఖ్యం. మొదటి వారం మూడో ప్రశ్న దగ్గర అందరూ ఆగిపోతారు. ఎవరిని కాదంటున్నాడో తెలియకుండానే సగం వ్యాసాలు చదివేస్తాం మనం.

తెలుగు మీడియంలో చదివిన వాళ్ళకు ఇంకో ఉపాయం చెబుతాను. అదే వార్తను ముందు తెలుగు పేపర్లో చదవండి, తర్వాత ఇంగ్లిషు పేపర్లో. సుప్రీంకోర్టు తీర్పు ఏదైనా వస్తే రెండింట్లోనూ వస్తుంది. విషయం ముందే తెలుసు కాబట్టి ఇంగ్లిషు భయపెట్టదు. తెలియని మాట వచ్చినా సందర్భం చూసి ఊహించుకోవచ్చు. ఆరు నెలలు ఇలా చేస్తే తెలుగు పేపరు అవసరం దానంతటదే తగ్గిపోతుంది. ఇంట్లో రెండు పేపర్లు కొనలేని వాళ్ళు ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి వెళ్ళండి. అక్కడ ఎవరూ "ఇంకా ఎంతసేపు?" అని అడగరు.

వర్తమాన వ్యవహారాల భాగంలో ఒక మెలిక ఉంది. పాసేజీ ఇస్తారు గానీ, చాలా ప్రశ్నలకు జవాబు ఆ పాసేజీలో దొరకదు. ఆ సంగతి మీకు ముందే తెలిసి ఉండాలి. కాబట్టి పేపరు చదివేటప్పుడు ఒక నోటుపుస్తకం పక్కన ఉంచుకోండి. రేడియో వార్తలు కూడా వినమంటాను, అది నా స్వార్థం అనుకోకండి.

ఇప్పుడు లీగల్ రీజనింగ్. దీని పేరు వినగానే పిల్లలు ఐపీసీ, ఇప్పుడైతే భారతీయ న్యాయ సంహిత, సెక్షన్ల పుస్తకం కొనేస్తారు. అక్కర్లేదు. చట్టం మీకు ముందే తెలిసి ఉండాలని ఈ పరీక్ష కోరదు. నియమం వాళ్ళే ఇస్తారు, జరిగిన సంగతి వాళ్ళే ఇస్తారు. ఆ నియమాన్ని ఈ సంగతికి సరిగ్గా అన్వయిస్తారా లేదా అన్నదే చూస్తారు. ఒక ఉదాహరణ చెబుతాను, ఇది నేను అల్లిందే.

నియమం ఇది. తన స్థలంలో ప్రమాదకరమైన వస్తువును నిల్వ చేసుకున్నవాడు, అది బయటికి వచ్చి పక్కవాడికి నష్టం చేస్తే, తన తప్పు లేకపోయినా పరిహారం ఇవ్వాలి. ఎవరూ ఊహించలేని ప్రకృతి వైపరీత్యం వల్ల జరిగితే మాత్రం ఇవ్వనక్కర్లేదు.

సంగతి ఇది. అక్టోబరు నెల. ఆటోనగర్‌లో ఒక వ్యాపారి షెడ్డులో యాసిడ్ ట్యాంకు ఉంది. తుపాను వస్తుందని మూడు రోజుల నుంచి హెచ్చరికలు వస్తున్నాయి. వ్యాపారి ట్యాంకును ఇనుప గొలుసులతో కట్టించాడు, చుట్టూ ఇసుక బస్తాలు వేయించాడు. అయినా గాలికి ట్యాంకు ఒరిగి యాసిడ్ పక్క షెడ్డులోకి పారింది. పక్కవాడి సరుకంతా పాడైంది. వ్యాపారి పరిహారం ఇవ్వాలా?

కొందరు "పాపం, అన్ని జాగ్రత్తలూ తీసుకున్నాడు కదా, ఎందుకివ్వాలి?" అంటారు. నియమం మళ్ళీ చదవండి. "తన తప్పు లేకపోయినా" అని ఉంది. జాగ్రత్తల ప్రసక్తే లేదు. ఇంకొందరు "తుపాను ప్రకృతి వైపరీత్యమే కదా" అంటారు. మళ్ళీ చదవండి. "ఎవరూ ఊహించలేని" అని ఉంది. 2014 హుద్‌హుద్ చూసిన ఊరు ఇది. అక్టోబరులో తుపాను రావడం ఇక్కడ ఎవరికీ వింత కాదు, పైగా మూడు రోజుల ముందే చెప్పారు. కాబట్టి వ్యాపారి ఇవ్వాల్సిందే. ఈ ప్రశ్నలో మన జాలికి చోటు లేదు, మన న్యాయబుద్ధికి కూడా లేదు. నియమంలో ఉన్న ఒక్కొక్క మాటకే చోటు. బాగా చదివే పిల్లలే ఇక్కడ ఎక్కువ తప్పులు చేస్తారు. వాళ్ళకు సొంత అభిప్రాయాలు ఎక్కువ మరి.

ఈ నియమం నేను ఊరికే తీసుకోలేదు. 1868లో ఇంగ్లండులో రైలాండ్స్, ఫ్లెచర్ల కేసులో స్థిరపడింది. ఒకాయన జలాశయం కట్టించుకుంటే అందులోని నీళ్ళు పక్కాయన బొగ్గుగనిలోకి పోయాయి. దీన్నే స్ట్రిక్ట్ లయబిలిటీ అంటారు, మినహాయింపులు ఉంటాయి. భోపాల్ జరిగిన ఏడాదికి, 1985 డిసెంబరులో, ఢిల్లీలో ఓలియం గ్యాస్ లీకైంది. ఆ కేసులో 1986లో మన సుప్రీంకోర్టు ఒక మెట్టు పైకి వెళ్ళింది. ప్రమాదకరమైన పరిశ్రమ నడిపేవాళ్ళకు ఏ మినహాయింపులూ లేవంది. అది అబ్సొల్యూట్ లయబిలిటీ.

2020 మే 7 తెల్లవారుజామున గోపాలపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకై 12 మంది చనిపోయారు. మర్నాడే పర్యావరణ కేసులు చూసే నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ ఆ కంపెనీని 50 కోట్లు డిపాజిట్ చెయ్యమంది. ఆ ఉత్తర్వులో స్ట్రిక్ట్ లయబిలిటీ అని రాస్తే, అబ్సొల్యూట్ అని రాయాలి కదా అని దేశమంతా లాయర్లు వాదించుకున్నారు. ఇప్పుడు ఇంటర్ చదువుతున్న గోపాలపట్నం పిల్లలకు ఆ రాత్రి గుర్తుంటుంది. ఈ రెండు నియమాలకూ తేడా వాళ్ళకు పుస్తకం అక్కర్లేకుండానే అర్థమవుతుంది. అనంతగిరి, బొర్రా ప్రాంతపు గిరిజనుల భూములను గనుల కోసం బయటివాళ్ళకు లీజుకివ్వకూడదని 1997లో వచ్చిన సమతా తీర్పు కూడా ఇలా మన చుట్టుపక్కల పుట్టినదే. మన ఏజెన్సీ నుంచి వెళ్ళిన కేసు, దేశమంతటా లా కాలేజీల్లో పాఠమైంది. వీటి గురించి పెద్దవాళ్ళను అడిగి తెలుసుకోండి. పరీక్షలో ఇవే వస్తాయని కాదు, చట్టం అనేది ఎక్కడి నుంచి పుడుతుందో తెలిస్తే పాసేజీ చదవడం విసుగనిపించదు.

లెక్కలు పది నుంచి పద్నాలుగు ప్రశ్నలే, పదో తరగతి స్థాయివే. శాతాలు, నిష్పత్తులు, సరాసరి. ఎంపీసీ వాళ్ళు నిద్రలో చేస్తారు. మిగతావాళ్ళు వదిలెయ్యకండి.

నెగటివ్ మార్కులు ఉన్నాయి, తప్పుకు పావు మార్కు. నాలుగు తప్పులు ఒక ఒప్పును తినేస్తాయి. వంద రాసి 80 ఒప్పు, 20 తప్పు అయితే 75 వస్తాయి. అలాగని భయపడి సగం పేపరు వదిలెయ్యడమూ తెలివి కాదు. నాలుగు జవాబుల్లో రెండు కచ్చితంగా కావని తేలితే, మిగతా రెండిట్లో ఒకటి పెట్టెయ్యండి, లెక్క ప్రకారం లాభమే. ఏమీ తెలియకుండా గుడ్డిగా పెడితే మాత్రం పెద్దగా ఒరిగేదేమీ ఉండదు, టైమ్ వృథా.

కోచింగ్ కావాలా అని అడుగుతారు. స్తోమత ఉంటే, మంచి మాస్టారు దొరికితే, చేరండి. కానీ పాత ప్రశ్నపత్రాలు, నమూనా పత్రాలు కన్సార్షియం వెబ్‌సైట్లో ఊరికే దొరుకుతాయి. వాటిని ప్రింటు తీయించుకుని, ఆదివారం మధ్యాహ్నం సరిగ్గా 2 నుంచి 4 దాకా, ఫోను అమ్మ చేతికిచ్చి రాయండి. పరీక్ష కాగితం మీదే, ఓ.ఎం.ఆర్. షీటులో పెన్నుతో బబుల్స్ దిద్దాలి. ఫోనులో మాక్ టెస్టులు రాసి అలవాటుపడిన వాళ్ళకు ఈ దిద్దడానికే చాలా టైమ్ పోతుంది, టెన్షన్ మొదలవుతుంది. రాసిన పేపరు మీద ఆ సాయంత్రమే ఇంకో రెండు గంటలు గడపాలి. తప్పైన ప్రతి ప్రశ్న దగ్గర, పాసేజీలో ఏ మాట చూడలేదో ఆ మాట కింద గీత గీయండి. మార్కులు ఎన్నొచ్చాయన్నది తర్వాత చూసుకోవచ్చు.

డబ్బు సంగతి కూడా దాచకుండా చెప్పాలి. దరఖాస్తుకే 4,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 3,500. సీటు వస్తే చాలా యూనివర్సిటీల్లో ఏడాదికి రెండు లక్షలు దాటుతుంది, ఐదేళ్ళ చదువు. ఇది ముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. బ్యాంకు రుణం, స్కాలర్‌షిప్పుల గురించి అప్పుడే ఆరా తీయండి.

అంత వద్దనుకున్నా, క్లాట్ సరిగ్గా రాయలేకపోయినా, మన రాష్ట్రానికి లాసెట్ ఉంది. అది పూర్తిగా వేరే పరీక్ష. 120 ప్రశ్నలు, 90 నిమిషాలు, కంప్యూటర్ మీద రాయాలి. ప్రశ్నలు తెలుగులో కూడా ఇస్తారు, నెగటివ్ మార్కులు లేవు. కాబట్టి అందులో ఒక్కటి కూడా ఖాళీ వదలకూడదు. సగం మార్కులు, అంటే 60, న్యాయశాస్త్రం మీద ఆసక్తిని పరీక్షించే భాగానికి. రాజ్యాంగం, ప్రాథమిక హక్కులు, మామూలు చట్టాల మీద నేరుగా బిట్లు వస్తాయి. ఇక్కడ మన పాత బిట్ బ్యాంకు పనికొస్తుంది. ఆంధ్రా యూనివర్సిటీలోని అంబేడ్కర్ న్యాయ కళాశాల లాంటి చోట్ల సీట్లు ఈ ర్యాంకుతోనే ఇస్తారు. ఖర్చు చాలా తక్కువ. డిగ్రీ అయిపోయిన వాళ్ళకు మూడేళ్ళ కోర్సు కూడా లాసెట్‌తోనే. ఉద్యోగం చేస్తూ ఇప్పుడు లా మీద మనసు పడ్డవాళ్ళు ఈ మాట గుర్తుపెట్టుకోండి, పేపర్లో నోటిఫికేషన్ చూస్తూ ఉండండి. క్లాట్ అయిపోయిన కొన్ని నెలల తర్వాతే ఇది జరుగుతుంది కాబట్టి, ఇంటర్ ఫలితాలొచ్చాక ఫోన్ చేసే ఆ తండ్రికి చెప్పడానికి నా దగ్గర ఇదొక్కటైనా ఉంటుంది.

నమస్కారం.