దేవనహళ్ళి నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎన్ని గంటలు?

అందరికీ నమస్కారం.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి అమ్మానాన్నల్ని పంపేవాళ్ళు బెంగళూరు తెలుగువాళ్ళలో చాలామందే ఉన్నారు. దూరాన్ని వేగంతో భాగిస్తే ప్రయాణ సమయం వచ్చేస్తుందని అనుకుంటారు. అది రాదు. ఎందుకు రాదో చూద్దాం.

బెంగళూరు (విమానాశ్రయం ఉన్నది దేవనహళ్ళిలో), శాన్‌ఫ్రాన్సిస్కోల మధ్య దూరం సుమారు 14,000 కిలోమీటర్లు. గ్లోబు మీద ఈ రెండు ఊళ్ళకీ దారం బిగించి పట్టుకోండి. టిబెట్, సైబీరియాల మీదుగా అది 71 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా ఎక్కి దిగుతుంది. అదే అతి దగ్గర దారి. కానీ టిబెట్ పీఠభూమి సగటున 4,500 మీటర్ల ఎత్తు. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పడిపోతే విమానం వెంటనే మాస్కు లేకుండా ఊపిరాడే ఎత్తుకు, అంటే 10,000 అడుగులకు (3,000 మీటర్లకు) దిగాలి. అక్కడ నేలే అంతకన్నా ఎత్తు! పైనుంచి జారే మాస్కుల్లో ఆక్సిజన్ చాలా విమానాల్లో పావుగంటకు అటూ ఇటూ వస్తుంది, అంతే. అందుకే చుట్టు తిరిగి పోతారు.

ఇక గాలి. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో, గాలి లేకపోతే, 14,000 కిలోమీటర్లకు 15 గంటల 33 నిమిషాలు. గంటకు 100 కిలోమీటర్ల గాలి వెనకనుంచి తోస్తే 14 గంటలు, ఎదురైతే పదిహేడున్నర. విమానాలు ఎగిరే ఎత్తులో జోరుగా వీచే గాలి, జెట్ స్ట్రీమ్, పడమర నుంచి తూర్పుకు వీస్తుంది కాబట్టి, పసిఫిక్ మీదుగా వెళ్ళేటప్పుడు దూరం పెరిగినా సమయం కలిసొస్తుంది. తిరుగు దారిలో అదే గాలి ఎదురవుతుంది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా ఈ రెండు ఊళ్ళ మధ్య నేరుగా విమానం మొదలుపెట్టినప్పుడు, శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి తొలి విమానాన్ని మహిళా పైలట్లే ఉత్తర ధ్రువం మీదుగా బెంగళూరు తెచ్చారు. టికెట్టు మీది సమయంలో విమానం రన్‌వే దాకా నేల మీద నెమ్మదిగా నడిచే అరగంట కూడా కలిసే ఉంటుంది.

అసలు తికమక గడియారంతోనే. టికెట్టు మీద వేసేది ఏ ఊరి సమయం ఆ ఊరిదే. చలికాలంలో శాన్‌ఫ్రాన్సిస్కో మనకన్నా పదమూడున్నర గంటలు వెనక. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా పన్నెండున్నరే. జనవరిలో సోమవారం మధ్యాహ్నం 2కి బయలుదేరి పదహారున్నర గంటలు ఎగిరితే, మన లెక్కలో మంగళవారం ఉదయం ఆరున్నర. అక్కడ మాత్రం సోమవారం సాయంత్రం 5. షుగరు, బీపీ మాత్రలు వేసుకునే పెద్దవాళ్ళుంటే డాక్టరుకు ఈ గడియారాలు చెప్పకండి, ఎగిరే గంటలు చెప్పి అడగండి.

తిరుగు ప్రయాణంలో తేదీ దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. చలికాలంలో అక్కడ సోమవారం రాత్రి 9కి ఎక్కి పదిహేడున్నర గంటలు ఎగిరితే దేవనహళ్ళిలో దిగేది బుధవారం తెల్లవారుజామున 4కి. తీసుకెళ్ళడానికి అనంతపురం నుంచి వచ్చే కారు మంగళవారం రాత్రి 12 దాటగానే బయలుదేరాలి.