మన ఎమ్మెల్యే ఎన్నికల చరిత్ర మనమే రాసుకుందాం రండి

అందరికీ నమస్తే అండి, విశాఖపట్నం మధురవాడ నుంచి మాట్లాడుతున్నా. ఈరోజు వీడియోలో ఒక ఎమ్మెల్యే ఎన్నిసార్లు నిలబడ్డారు, ఎక్కడ గెలిచారు, ఎంత మెజారిటీ వచ్చింది అనేది మనమే వెతికి ఒక్క పేజీలో ఎలా రాసుకోవాలో చూపిస్తా. వాట్సాప్‌లో వచ్చే పోస్టర్లని నమ్మి గొడవలు పడేవాళ్లని చూస్తుంటే నాకు చాలా బాధగా ఉంటుంది, అందుకే ఈ వీడియో.

ముందు నోట్‌బుక్ అడ్డంగా తిప్పి గడులు గీయండి. సంవత్సరం, నియోజకవర్గం, పార్టీ, ఎవరి మీద, మెజారిటీ. చివర్లో ఇంకో సన్న గడి ఖాళీగా వదిలేయండి, దాంతో తర్వాత పనుంది.

మాది భీమిలి నియోజకవర్గం కాబట్టి గంటా శ్రీనివాసరావు గారితో మొదలుపెడదాం. 1999 టీడీపీ నుంచి అనకాపల్లి ఎంపీ. 2004 చోడవరం ఎమ్మెల్యే, టీడీపీనే. 2009 అనకాపల్లి ఎమ్మెల్యే, ఈసారి ప్రజారాజ్యం. ఆ పార్టీ 2011లో కాంగ్రెస్‌లో కలిసిపోయింది, 2012లో కిరణ్‌కుమార్ రెడ్డి కేబినెట్‌లో మంత్రి అయ్యారు. 2014కి మళ్లీ టీడీపీ, భీమిలి నుంచి గెలిచి మళ్లీ మంత్రి. 2019 విశాఖ ఉత్తరం, 2024లో తిరిగి భీమిలి. ఇప్పుడు నియోజకవర్గం గడి ఒక్కటే పై నుంచి కిందకి చదవండి, ఒకే సీట్లో వరసగా రెండుసార్లు నిలబడింది కనపడదు.

ఇక మెజారిటీ గడికి వద్దాం. 2019లో కె.కె.రాజు గారి మీద 1,944 ఓట్లు. ఒక్కో పోలింగ్ బూత్‌లో వెయ్యి పైచిలుకు ఓటర్లు ఉంటారు కదా, అంటే మీ వీధి చివర స్కూల్లో రెండు గదుల ముందు నిలబడ్డ క్యూ ఉంటుంది చూడండి, దాదాపు అంత తేడా అన్నమాట. అదే మనిషికి 2024లో భీమిలిలో అవంతి శ్రీనివాస్ గారి మీద 92,401. బలం అంత పెరిగిపోయిందా అని వెంటనే అనేసుకోకండి, సీటు వేరు, ప్రత్యర్థి వేరు, పైగా 2024లో టీడీపీ, జనసేన, బీజేపీ కలిసి పోటీ చేశాయి. ఇందాక ఖాళీగా వదిలేసిన సన్న గడి దీనికే, అక్కడ పొత్తు ఉందా లేదా, పోటీ ఇద్దరి మధ్యా ముగ్గురి మధ్యా అని రాయండి. ఆ గడి లేకపోతే మిగతా అంకెలన్నీ మనల్ని తప్పుదోవ పట్టిస్తాయి, ఈ మాట మాత్రం గట్టిగా చెప్తా.

2019, 2024 మధ్యలో ఒక అడ్డగీత కూడా గీయాలి. స్టీల్ ప్లాంట్ ప్రైవేటీకరణకి వ్యతిరేకంగా 2021 ఫిబ్రవరిలో ఆయన రాజీనామా ఇచ్చారు. లెటర్ ఇచ్చేస్తే పదవి పోయినట్టే అని చాలామంది అనుకుంటారు, అలా కాదండి, స్పీకర్ ఆమోదించాలి. ఆ ఆమోదం 2024 జనవరిలో వచ్చింది, దాదాపు మూడేళ్లు. అప్పటికి అసెంబ్లీ గడువు ఏడాది కూడా మిగల్లేదు, చట్ట ప్రకారం అలాంటప్పుడు ఉపఎన్నిక పెట్టక్కర్లేదు. అందుకే రాజీనామా ఇచ్చిన తేదీ, ఆమోదించిన తేదీ రెండూ రాసుకోండి, ఒక్కటి రాస్తే కథ సగమే తెలుస్తుంది.

ఇప్పుడు పక్క పేజీలో విశాఖ తూర్పు వేయండి, ఎంవీపీ కాలనీ వైపు వాళ్లకి బాగా తెలుసు. వెలగపూడి రామకృష్ణబాబు గారు 2009, 2014, 2019, 2024, నాలుగుసార్లూ అదే సీటు, అదే టీడీపీ. ఇలాంటి పేజీలో మెజారిటీలని పై నుంచి కిందకి పోల్చుకోవచ్చు, ఎందుకంటే నియోజకవర్గం మారలేదు. 2019 వరస దగ్గర కాస్త ఆగండి. ఆ ఏడాది రాష్ట్రంలో 175కి 151 సీట్లు వైసీపీ గెలిచింది, అయినా సిటీలో తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం నాలుగూ టీడీపీకే వచ్చాయి. రాష్ట్రం గాలి ఒకటి, మన ఊరి లెక్క ఇంకొకటి, నాకైతే ఇలాంటివి చూసినప్పుడే ఈ పని మీద ఇష్టం పెరుగుతుంది.

ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయంటే, ఎలక్షన్ కమిషన్ సైట్‌లో స్టాటిస్టికల్ రిపోర్ట్ ఓపెన్ చేస్తే ప్రతి అభ్యర్థికీ వచ్చిన ఓట్లు ఉంటాయి. ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు కావాలంటే అఫిడవిట్, దాన్నే ఫారం 26 అంటారు, రెండు ఎన్నికలవి పక్కపక్కన పెట్టి చదవండి. బూత్‌ల వారీ ఓట్లకి ఫారం 20. అది తెరిచాక కంగారు పడకండి, పొడుగ్గా ఉంటుంది, పేజీలు పేజీలు అంకెలే. మీ ఓటర్ స్లిప్ మీద పోలింగ్ స్టేషన్ నెంబర్ ఉంటుంది కదా, ఆ నెంబర్ వరస పట్టుకుని అడ్డంగా చదువుకుంటూ పోండి. ఒక్క జాగ్రత్త, బూత్ నెంబర్లు ఒక్కో ఎన్నికకి మారుతుంటాయి, 2019 షీట్‌లో వెతికేటప్పుడు 2024 స్లిప్ పట్టుకుంటే వేరే వీధి ఓట్లు మీవనుకుంటారు.