బెజవాడలో టైరు లైటు వెలిగిందా? రీసెట్ నొక్కే ముందు గాలి చూడండి

హాయ్ అండి, అందరికీ నమస్కారం. బెంజ్ సర్కిల్ దగ్గర ఉన్నాం, టైము పొద్దున్న ఆరు. ఇంత పొద్దున్నే ఎందుకంటే, ఈ పని ఎండెక్కాక చేస్తే లెక్క తప్పుతుంది. మీటర్ బోర్డులో చూడండి: పసుపు లైటు, గుర్రపు లాడం ఆకారం, మధ్యలో ఆశ్చర్యార్థకం. టైర్లలో గాలి తగ్గిందని చెప్పే లైటు ఇదే. అమెరికా నుంచి సెలవలకు ఇంటికొచ్చి నాన్నగారి కారు తీసే మనవాళ్లు చాలామంది దీన్ని చూడగానే సెట్టింగుల్లోకెళ్లి రీసెట్ నొక్కేస్తారు. లైటు పోతుంది, గాలి మాత్రం అంతే తక్కువగా ఉంటుంది.

ముందు మీ కారులో ఏ రకం ఉందో తెలియాలి. క్రెటా పై వేరియంట్ల లాంటి వాటిలో ప్రతి చక్రం లోపల వాల్వుకు ఒక సెన్సారు ఉంటుంది, ఏ టైరులో ఎంత గాలుందో స్క్రీన్ మీద అంకెల్లో కనిపిస్తుంది. వర్టస్, టైగన్, కుషాక్‌లలో లోపల ఏమీ ఉండదు. గాలి తగ్గిన టైరు వ్యాసం కాస్త తగ్గి, మిగతా వాటికంటే వేగంగా తిరుగుతుంది. బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ సెన్సార్లు ఆ తేడాను పట్టుకుంటాయి. అందుకే నాలుగు టైర్లలో ఒకేలా గాలి తగ్గుతూ వస్తే ఈ రెండో రకానికి తేడా కనిపించక ఊరుకునే అవకాశం ఎక్కువ. ఇక గాలి తక్కువున్నప్పుడే రీసెట్ నొక్కారనుకోండి, "ఓహో, ఇదే సరైన గాలి" అని కారు గుర్తుపెట్టుకుంటుంది.

ఇప్పుడు ఎండ సంగతి. చికాగోలో మొదటి చలి రాగానే టైర్లలో గాలి కుంచించుకుపోయి లైటు వెలుగుతుంది, అది అక్కడున్న అందరికీ తెలిసిందే. ఇక్కడ దానికి తిరగబడిన కథ. మే నెల మధ్యాహ్నం గుంటూరు నుంచి వచ్చి బంకులో ఆపితే టైరు లోపలి గాలి 60 డిగ్రీలకు చేరి ఉండొచ్చు. అప్పుడు 33 పీఎస్ఐ చూపించింది కదా అని వదిలేస్తే, మర్నాడు తెల్లారి 30 డిగ్రీల దగ్గర అదే టైరు 29కి దిగుతుంది. లైటు వెలగదు కూడా. అమెరికా రూలు ప్రకారం స్టిక్కరు మీద ఉన్నదానికంటే 25 శాతం తగ్గితే లైటు రావాలి, అంటే 33కి దాదాపు 25 దగ్గర. లైటు లేనంత మాత్రాన గాలి సరిగ్గా ఉందనుకోకండి.

కాబట్టి కారు కనీసం మూడు గంటలు నీడలో ఆగి ఉండాలి. డ్రైవర్ డోరు తెరిస్తే పక్క స్తంభం మీద స్టిక్కరు ఉంటుంది, ముందు టైర్లకు ఎంత, వెనక వాటికి ఎంత, మనుషులు నిండితే ఎంత అని. టైరు గోడ మీద అచ్చేసి ఉండేది గరిష్ఠ పరిమితి, దాన్ని చూసి కొట్టించొద్దు. బంకులో అబ్బాయి అలవాటుగా అన్ని కార్లకూ ఒకటే అంకె పెట్టేస్తాడు, స్టిక్కరు చూసి "తమ్ముడూ, ముందు 33, వెనక 33" అని మన కారు అంకెలు మనమే చెప్పాలి. వేడి టైరులో ఎక్కువ చూపించిందని గాలి తీసేయడం మాత్రం అస్సలు వద్దు.

గాలి సరిపోయాక, ఇగ్నిషన్ ఆన్ చేసి, బండి కదలకుండా ఉండగా స్క్రీన్‌లో వెహికల్ సెట్టింగ్స్, అందులో టైర్లు, అక్కడ సెట్ అనో స్టోర్ అనో ఉన్నదాన్ని నొక్కండి. కొన్ని టయోటాల్లో స్టీరింగ్ కింద బటన్ ఉంటుంది, లైటు నెమ్మదిగా మూడుసార్లు మెరిసేదాకా పట్టుకోవాలి. అక్కడితో పని అయిపోదు, కారు కొత్త కొలతను నేర్చుకోవాలి. అమెరికా హోండాల్లో గంటకు 48 నుంచి 105 కిలోమీటర్ల వేగంలో మొత్తం 30 నిమిషాలు నడవాలి. బెంజ్ సర్కిల్ సిగ్నళ్ల దగ్గర ఆగే టైము అందులోకి రాదు. వారధి దాటి మంగళగిరి మీదుగా గుంటూరు వైపు హైవే ఎక్కండి, సరిపోతుంది. లోపల సెన్సారున్న కార్లకు చాలావాటిలో బటనే అక్కర్లేదు, గాలి కొట్టించి కొన్ని నిమిషాలు నడిపితే లైటు దానంతటదే ఆరుతుంది.

లైటు ఒక నిమిషం, నిమిషంన్నర మెరిసి ఆ తర్వాత నిలకడగా వెలుగుతోందా? అప్పుడు సిస్టమ్‌లోనే లోపం. స్టెప్నీ వేసి ఉండొచ్చు, చాలా స్టెప్నీల్లో సెన్సారు ఉండదు. లేదా సెన్సారు లోపలి బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు. అది అయిదు నుంచి పదేళ్లు వస్తుంది, సీలు చేసి ఉంటుంది కాబట్టి సెన్సారంతా మార్చాలి.

ఆటోనగర్‌లో టైరు విప్పించేటప్పుడు "అన్నా, లోపల సెన్సారుంది, వాల్వుకు దూరంగా నొక్కు" అని ముందే చెప్పండి. టైరును రిమ్ము నుంచి విడదీసే మిషను పార వాల్వు పక్కన పడితే సెన్సారు ముక్కలే. పంక్చర్ ద్రవం పోయిస్తే సెన్సారు రంధ్రం మూసుకుపోవచ్చు. వాల్వుకు మెరిసే ఇత్తడి మూతలు కూడా వద్దు, అల్యూమినియం కాడకు పట్టేసి, తిప్పితే కాడే విరుగుతుంది. నల్ల ప్లాస్టిక్ మూత చాలు.

అమెరికా నుంచి సెన్సార్లు తెచ్చే ఆలోచన ఉంటే, అవి కారుకు సిగ్నల్ పంపే రేడియో ఫ్రీక్వెన్సీ చూడండి: అక్కడ చాలా కార్లవి 315 మెగాహెర్ట్జ్, ఇక్కడివి సాధారణంగా 433. పార్ట్ నంబరు సరిపోల్చకుండా సూట్‌కేసులో వేసుకొస్తే, చక్రంలో ఎంత బాగా బిగించినా కారు వాటి మాట వినదు.