సెలవుల్లో పిల్లాడి చెవి కారుతోందా? చుక్కలకు ముందు వత్తి

నమస్తే అండీ. సెలవులకు ఇండియా వచ్చిన ఇళ్లలో తరచూ వినిపించే మాట: "పిల్లాడి చెవి కారుతోంది, మెడికల్ షాపులో అడిగి ఏదైనా స్ట్రిప్ తెచ్చేయ్." ఆ స్ట్రిప్ దగ్గరగా చూపిస్తున్నాను. నిలువునా ఎర్ర గీత కనిపిస్తోందా? డాక్టరు చీటీ లేకుండా వాడకూడదని. ఇది సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్, 2014 నుంచి షెడ్యూల్ హెచ్1లో, అంటే చీటీ మీదే అమ్మి లెక్క రాయాల్సిన మందుల జాబితాలో ఉంది. డాక్టరు పేరు, పేషెంటు పేరు షాపువాళ్లు రిజిస్టర్‌లో రాయాలి. చాలాచోట్ల అడగ్గానే ఇచ్చేస్తారు, అదీ రెండు మూడు మాత్రలు కత్తిరించి.

కొత్తగా జ్వరం, నొప్పితో వచ్చే చెవి వేరు. దానికి అవసరమైతే డాక్టరే బరువు చూసి అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ రాస్తారు. రెండు వారాలు దాటి చీము కారుతుంటే మాత్రం కర్ణభేరికి చిల్లు పడిందేమో ఈఎన్‌టీ చూడాలి. అలాంటి చెవిలో తరచూ ఉండేది సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా. దానికి అమాక్సిసిలిన్, సెఫిక్సిమ్ మొదటినుంచీ పనిచేయవు. చీము అలాగే ఉంటుంది, ఈలోగా గొంతులో, పేగుల్లో మందుకు లొంగని బ్యాక్టీరియా పెరుగుతుంది.

చెవిలో వేసే యాంటీబయాటిక్ సిప్రోఫ్లాక్సాసిన్ చుక్కల సంగతి వేరు. 0.3 శాతం అంటే మిల్లీలీటరుకు 3 మిల్లీగ్రాములు. ఇదే మందును మాత్రగా మింగితే రక్తంలో చేరేది అందులో సుమారు వెయ్యో వంతు. చీములోని బ్యాక్టీరియా మందుకు లొంగుతుందా అని ల్యాబ్ చేసే పరీక్షే కల్చర్; అందులో తేల్చేది రక్తంలో చేరే మోతాదును బట్టి. అందుకే కల్చర్ రిపోర్టులో 'రెసిస్టెంట్' (మందుకు లొంగదు) అని వచ్చినా చుక్కలకు తగ్గే అవకాశం ఉంది.

కానీ చీము నిండిన చెవిలో పోస్తే మందు పైనే ఆగిపోతుంది. శుభ్రమైన నూలుగుడ్డ ముక్కను ఇదిగో, ఇలా మెలిపెట్టి వత్తి చేయండి. చెవిని కొంచెం వెనక్కి లాగి మొన లోపల పెట్టండి, తడిశాక తీసేయండి. పొడిగా వచ్చేదాకా ప్రతిసారీ కొత్త వత్తి. ఇయర్‌బడ్ వద్దు, చీమును లోపలికి నెడుతుంది. సీసాను అరచేతిలో రెండు నిమిషాలు పట్టుకోండి, చల్లగా పోస్తే కళ్లు తిరుగుతాయి. పక్కకు పడుకోబెట్టి చుక్కలు వేశాక చెవి ముందున్న బుడిపెను నాలుగైదుసార్లు నొక్కితే మందు లోపలికి దిగుతుంది. మామూలుగా రోజుకు మూడుసార్లు, రెండు వారాలు. మధ్యలో చీము ఆగిందని మానేయకండి.

నూనె, వెల్లుల్లి రసం అస్సలు వద్దు. చిల్లు ఉన్న చెవికి జెంటామైసిన్, నియోమైసిన్ చుక్కలూ వద్దు, వినికిడి దెబ్బతినొచ్చు. కుళ్లు వాసనతో ఎంతకీ ఆగకపోతే కొలెస్టియాటోమా (చెవి లోపల చర్మం పేరుకుని ఎముకను తినేసే జబ్బు) కావచ్చు, దానికి ఆపరేషనే దారి. చెవి వెనక వాపు, మూతి వంకర, తీవ్రమైన తలనొప్పి కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.